మన ఇళ్ళ గోడల్లో పాత వైర్లు

వార్షిక సభలో ఎలక్ట్రికల్ పనివారి తరఫున చేసిన ప్రసంగం



మేము నలుగురం. ఇద్దరిది జగిత్యాల, ఆర్మూరు వైపు. ఒకరిది రాజంపేట, ఇంకొకరిది కోనసీమ. నలుగురమూ ఈ దుబాయిలో ఎలక్ట్రికల్ పనిలోనే ఉన్నాం. మైకు పట్టుకున్నది ఒకరే అయినా మాట నలుగురిదీ. "సేఫ్టీ మీద ఓ పావుగంట చెప్పండి" అన్నారు కమిటీవాళ్ళు. హెల్మెట్టు, బెల్టు గురించి సైట్లో సూపర్‌వైజరు రోజూ చెప్తూనే ఉన్నాడు. ఇక్కడా అదే మొదలుపెడితే మీరు కునుకు తీస్తారు. అందుకని ఊళ్ళో ఉన్న మన ఇంటి గురించి, ఆ ఇంటి గోడల్లో ఉన్న వైర్ల గురించి చెప్దామని వచ్చాం.

ముందు ఒక సంగతి. మాలో ఒకరి ఇంట్లో జరిగింది. ఎవరి ఇల్లన్నది చెప్పం. ఆ తప్పు నలుగురిదీ అనుకోండి. ఆ పని జరిగినప్పుడు వాట్సాప్‌లో సలహాలిచ్చింది మిగతా ముగ్గురమే కాబట్టి.

మావాడు నలభై రోజుల సెలవు మీద ఇంటికి పోయాడు. వాళ్ళ నాయన గల్ఫ్ డబ్బుతో 1990ల్లో కట్టిన స్లాబు ఇల్లు అది. బోర్డు మీద ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉన్నాయి. ఊళ్ళో అందరూ "దుబాయిలో పెద్ద పెద్ద బిల్డింగులకు కరెంటు పని చేస్తావు, మీ ఇంట్లో ఇదేందిరా" అన్నారట. రోషం వచ్చింది. పాత బోర్డు పీకేసి, కొత్త డబ్బా పెట్టి, వరసగా ఎం.సి.బి.లు, వాటి ముందు ఒక ఆర్.సి.సి.బి. బిగించాడు. కొత్త స్విచ్చులు, కొత్త సాకెట్లు వేశాడు. ఫోటో పెడితే మేమంతా బొటనవేలు పైకెత్తాం. గోడ లోపల వైరు మాత్రం మార్చలేదు. రంగులు వేసి ఏడాదే అయింది, గోడలు పగలగొడతానంటే అమ్మ ఒప్పుకోలేదు. తిరుగు టికెట్టు కూడా దగ్గర పడింది. "వచ్చే చుట్టీలో చేద్దాంలే" అన్నాం. ఆ మాట అన్నది మేమే.

అతను ఇక్కడికి వచ్చేశాక మొదటి వానలు పడ్డాయి. స్లాబులోని పాత పైపుల్లోకి చెమ్మ దిగింది. రాత్రి పూట ఆర్.సి.సి.బి. టక్కున పడిపోవడం, ఫ్యాన్లు ఆగిపోవడం, దోమలు. పైకి లేపితే మళ్ళీ పడుతుంది. ఫోన్ చేసి "బిడ్డా, నువ్వు పెట్టిన డబ్బా మంచిగ లేదు, పాతదే నయముండె" అంది అమ్మ. ఊళ్ళో కరెంటు పని చేసే కుర్రాణ్ణి పిలిచారు. అతను ఆర్.సి.సి.బి. వైర్లు విప్పి, దాన్ని తప్పించి నేరుగా కలిపేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, అందరూ సంతోషం. ఆ కుర్రాణ్ణి మేము తిట్టం. ఇంట్లో వాళ్ళు అడిగింది ఫ్యాను తిరగాలని, అతను తిప్పాడు.

తర్వాతి ఎండాకాలం. సాయంత్రం అమ్మ కూలర్లో నీళ్ళు పోస్తోంది. ఇనుప రేకు కూలరు, తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు. చెయ్యి బాడీకి తగిలి అక్కడే పట్టేసింది. కేక కూడా బయటికి రాలేదట. ఏడో తరగతి చదివే మనవడు చూసి, నానమ్మను ముట్టుకోకుండా పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. బడిలో ఎవరో సారు చెప్పారట, కరెంటు పట్టుకున్న మనిషిని పట్టుకోవద్దని. ఆమె బతికింది. అరచేతిలో కాలిన గుర్తు ఇప్పటికీ ఉంది. ఈ హాల్లో కూర్చున్న మీలో కొందరి ఊళ్ళలో ఇలాంటిదే వేరేలా ముగిసి ఉంటుంది. అందరికీ తెలుసు, ఆ పేర్లు ఇక్కడ ఎత్తం.

ఇక్కడ మేము చేసే పని చూడండి. విల్లా అయినా, చిన్న దుకాణమైనా, దేవా ఇన్‌స్పెక్షన్ కాకుండా కరెంటు రాదు. ప్రతి సాకెట్టుకూ ఎర్తు వైరు వెళ్ళాలి. బాత్రూం హీటరుకు లీకేజీ బ్రేకరు ఉండాలి. ఒక స్క్రూ వదులుగా ఉంటే ఫోర్‌మన్ మళ్ళీ విప్పిస్తాడు. ఎవరి ఇంటికో అంత జాగ్రత్తగా వైరు లాగి, రూముకొచ్చి అమ్మకు వీడియో కాల్ చేస్తాం. అమ్మ వెనక గోడ మీద కాలిన సాకెట్టు కనిపిస్తుంటుంది. ఏళ్ళ తరబడి కనిపించింది. మేము అమ్మను చూశాం, సాకెట్టును చూడలేదు.

ఇప్పుడు ఆ పాత ఇళ్ళ సంగతి. మన వైపు పాత పెంకుటిళ్ళలో గోడ మీద టేకు పట్టీ కొట్టి, దాని మీద వైరు పరిచి రేకు క్లిప్పులు బిగించేవాళ్ళు. తర్వాత స్లాబు ఇళ్ళు వచ్చాక సెంట్రింగు మీదే పైపులు పరిచి, లోపలి నుంచి వైరు లాగారు. కలిగినవాళ్ళు రాగి వేసుకున్నారు, చాలామంది ఖర్చు తగ్గుతుందని అల్యూమినియం వేశారు. అప్పటి రాగి వైరును నంబరుతో పిలిచేవాళ్ళు: 1/18, 3/22, 7/20 అని. లైటుకు, ఫ్యానుకు వేసిన 1/18 వైరంటే ఇప్పటి లెక్కలో దాదాపు 1.2 స్క్వేర్ ఎంఎం. ఆనాటికి అది తప్పు కాదు. నాలుగు బల్బులు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ. అన్నీ కలిపినా 600 వాట్లు, అంటే మూడు ఆంపియర్ల లోపు.

ఇప్పుడు అదే ఇంట్లో ఏమున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. టన్నున్నర ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు. 2,000 వాట్ల గీజరు దాదాపు తొమ్మిది. ఒక హెచ్.పి. మోటారు ఆరేడు, అది మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు. ఇస్త్రీ పెట్టె మూడు నాలుగు. వాషింగ్ మెషీను, ఫ్రిజ్జు, మిక్సీ. పండగ పూట పొద్దున్నే అన్నీ ఒకేసారి వేస్తే ముప్ఫై దాటుతుంది. ఇవన్నీ కొన్నది ఎవరు? మనమే. ఒక్కో చుట్టీకి ఒక్కటి. వైరు మాత్రం బల్బుల నాటిదే.

వైరులో పారే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. పి.వి.సి. తొడుగు మామూలుగా 70 డిగ్రీల వేడి వరకు ఓర్చుకునేలా చేస్తారు. మే నెలలో స్లాబే మాడిపోతుంటే దాని లోపల వైరుకు చల్లారే దారేది? ఏళ్ళు గడిచేసరికి తొడుగు గట్టిపడి, వంచితే పెళుసుగా విరుగుతుంది. పాత బోర్డు విప్పినప్పుడు వైరును కొంచెం వంచి చూడండి, ఎండిన తుమ్మ కాయలా పటపటమంటే ఆ ఇంటి వైరింగు పని అయిపోయినట్టే.

అల్యూమినియం సంగతి వేరే. ఒకే మందంలో రాగితో పోలిస్తే అది కరెంటును మోసేది అరవై శాతమే. అది ఇంజనీర్ల లెక్క. మేము చేతులతో చూసింది జాయింట్ల దగ్గర. గాలి తగిలిన చోట అల్యూమినియం మీద ఒక పొర కడుతుంది, ఆ పొరలోంచి కరెంటు సరిగ్గా పోదు. స్క్రూ కింద మెత్తగా నలిగి వదులవుతుంది. వదులైన చోట వేడి, వేడికి ఇంకా వదులు. పైగా మధ్యలో ఎవరో రాగి ముక్క తెచ్చి అల్యూమినియానికి మెలిపెట్టి టేపు చుట్టి ఉంటారు. స్విచ్ బోర్డు నుంచి చేపల వాసన వస్తోందని ఇంట్లో వాళ్ళు అంటే ఎలుక చచ్చిందేమో అనుకోకండి. ప్లాస్టిక్ కాలేటప్పుడు అలాంటి వాసన వస్తుంది. ఆ బోర్డు ఆపించి, చూపించండి.

ఇక ఫ్యూజులు. పింగాణీ ఫ్యూజు చెడ్డది కాదు, అందులో సరైన ఫ్యూజు తీగ ఉంటే. కానీ పండగ రోజు ఫ్యూజు పోతే మన ఇళ్ళలో ఏం చేస్తారు? కేబుల్ ముక్కలోంచి నాలుగు రాగి పోగులు తీసి కడతారు. అది ఇక జన్మలో పోదు. ఆ తర్వాత పోయేది గోడలోని వైరే.

ఇంతవరకు చెప్పింది నిప్పు గురించి. మనుషుల్ని ఎక్కువగా తీసేది ఎర్తు లేకపోవడం. దీని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాం, విసుక్కోకండి.

మూడు రంధ్రాల సాకెట్టులో పైన ఉండే పెద్ద రంధ్రం ఎర్తుది. మన పాత ఇళ్ళలో చాలాచోట్ల ఆ రంధ్రం వెనక ఏమీ ఉండదు. పైపులో రెండే వైర్లు, ఫేజు, న్యూట్రలు. సాకెట్టు చూడ్డానికి మూడు కళ్ళతో ఉంటుంది, మూడో కన్ను గుడ్డిది. కూలరుకో వాషింగ్ మెషీనుకో లోపల వైరు తొడుగు అరిగి బాడీకి తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే ఆ కరెంటు ఎర్తు దారిన పోతుంది, ఫ్యూజో బ్రేకరో పడిపోతుంది. లేకపోతే బాడీలోనే కాచుకుని ఉంటుంది, తడి కాళ్ళతో ఎవరైనా ముట్టుకునే దాకా. "ముట్టుకుంటే కొంచెం జిల్లుమంటుంది బిడ్డా, చెప్పులేసుకుంటే ఏం కాదు" అని మీ అమ్మ ఎప్పుడన్నా అన్నదా? మా నలుగురి అమ్మలూ అన్నారు. ఆ మాట వింటే ఆ రోజే ఆ వస్తువు ప్లగ్గు పీకించండి.

ఇంకోటుంది, ఇది చెప్పడానికి మాకే సిగ్గు. ఊళ్ళలో న్యూట్రలు బలహీనంగా ఉండి లైట్లు డిమ్ముగా వెలిగితే, ఇంటి వెనక ఒక రాడ్డు పాతి దాన్నే న్యూట్రలుగా వాడుకుంటారు. మోటార్లకైతే మరీ ఎక్కువ. లైటు బాగా వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది. ఆ రాడ్డు దగ్గర నేల ఎండినా, వైరు తుప్పు పట్టి ఊడినా, ఆ తీగంతా ఫేజులా మారి కూర్చుంటుంది. దాన్ని ఎర్తే కదా అని పిల్లలు పట్టుకుంటారు, పశువులు తాకుతాయి. పొరపాటున అదే రాడ్డుకు ఇంటి ఎర్తు కూడా కలిపి ఉంటే, ఫ్రిజ్జు నుంచి కూలరు దాకా అన్ని బాడీల్లోకీ కరెంటు వస్తుంది. మీ ఇంట్లో అలా ఉంటే ఈ సభలో విన్నవన్నీ మరిచిపోయినా సరే, దాన్ని తీయించండి. బోరింగు పైపుకు ఎర్తు కట్టడం కూడా అంతే. మన ఇంట్లో లీకేజీ అయితే నీళ్ళు పట్టుకోవడానికి వచ్చిన ఆవిడకు కొడుతుంది.

దండెం గురించి వేరే చెప్పాలా? ఇనుప తీగ కట్టి తడి బట్టలు ఆరేస్తారు. ఒక కొస రేకుల షెడ్డుకు, ఇంకో కొస మీటరు వైరు వెళ్ళే కమ్మీకి. తొడుగు అరిగిన వైరు ఆ కమ్మీకి తగిలిన రోజు దండెం మొత్తం కరెంటే. పది మీటర్ల ప్లాస్టిక్ తాడు ఈ రోజే కొనిపించవచ్చు. దానికి ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు.

మావాడి ఇంట్లో కొత్త ఎం.సి.బి.లు అంత ఖరీదువి పెట్టాక కూడా అమ్మకు ఎందుకు కొట్టిందని చాలామంది అడిగారు. ఎం.సి.బి. కాపాడేది వైరును. పదహారు ఆంపియర్ల ఎం.సి.బి. పదహారు దాటితేనే కదులుతుంది. మనిషి ఒంట్లోంచి పోయేది అర ఆంపియరు కూడా ఉండదు, ప్రాణం పోవడానికి అందులో చిన్న వంతు చాలు. అది ఎం.సి.బి. కంటికి ఆనదు. ఆ చిన్న లీకేజీని పట్టేది ఆర్.సి.సి.బి. ఫేజులో పోయినంత కరెంటు న్యూట్రలులో తిరిగి వస్తోందా లేదా అని అది సరిచూసుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో వందకు మూడు వంతుల తేడా వస్తే రెప్పపాటులో ఆపేస్తుంది. ఎర్తు లేని ఇంట్లో కూడా పనిచేస్తుంది, కాకపోతే అప్పుడు షాకు ఒకసారి కొట్టాకే పడుతుంది. ఎర్తు ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది.

కొనేటప్పుడు మోసపోకండి. అచ్చు అలాగే ఉండే రెండు పోళ్ళ ఐసోలేటరు అని ఒకటి వస్తుంది, చాలా చవక. అది వట్టి స్విచ్చు. ఆర్.సి.సి.బి. మీద ఒక చిన్న టెస్ట్ బటను ఉంటుంది, ఇంగ్లీషు టీ అక్షరంతో. అది నొక్కితే పడిపోవాలి. నెలకోసారి నొక్కి చూడమని ఇంట్లో చెప్పండి. పౌర్ణమికి ఒకసారని చెబితే అమ్మలు మరిచిపోరు.

మరి ఆర్.సి.సి.బి. ఊరికే పడుతోందంటే? ఊరికే ఏం పడదు. ఎక్కడో లీకేజీ ఉందని మొత్తుకుంటోంది. పాత ఇంట్లో పాత వైరు అలాగే ఉంచి దీన్ని బిగిస్తే మొత్తుకుంటూనే ఉంటుంది, చివరికి ఎవరో దాని నోరు నొక్కేస్తారు. మావాడి ఇంట్లో జరిగింది అదే. కాబట్టి వైరింగు మార్చడమంటే మీటరు నుంచి చివరి పాయింటు దాకా మార్చడం. ముందు అందంగా కనిపించే డబ్బా, తర్వాత ఎప్పుడో వైరు అంటే కుదరదు.

ఆ పని మేము రెండోసారి ఎలా చేశామో చెబుతాం. ఈసారి నలుగురం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం.

ముందు ఇంటి బొమ్మ గీశాం. ఏ గదిలో ఏ వస్తువు, ఇంకా పదేళ్ళలో ఏం రావచ్చు. లైట్లు, ఫ్యాన్లకు 1.5 వైరు. మామూలు పవర్ సాకెట్లకు 2.5. ఏసీకి, గీజరుకు విడివిడిగా 4, ఒక్కోదానికి సొంత ఎం.సి.బి. మీటరు నుంచి బోర్డుకు, లోడును బట్టి 6 గాని 10 గాని. ప్రతి సాకెట్టుకూ ఆకుపచ్చ ఎర్తు వైరు. ఒక కాయిల్ 90 మీటర్లు వస్తుంది. ఎన్ని కావాలో బొమ్మ మీదే లెక్క తేలింది. వైరు పొడవునా ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 694 అని, లైసెన్సు నంబరు అచ్చు వేసి ఉంటుంది. ఆ నంబరు అసలుదో కాదో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ వైరు అమ్మేవాళ్ళు ఉన్నారు.

ఇక్కణ్ణుంచి వైరు కాయిళ్ళు మోసుకుపోదామని ఒక తమ్ముడు అడిగాడు. వద్దు. బరువుకు బరువు, పైగా రంగుల తికమక. ఇక్కడి కొత్త బిల్డింగుల్లో బ్రౌను ఫేజు, నీలం న్యూట్రలు. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, నలుపు న్యూట్రలు. మీరు నీలం న్యూట్రలనుకుని వేసి వచ్చేస్తారు. రేపు అక్కడి ఎలక్ట్రీషియన్ దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటాడు. ఆ మాటకొస్తే కార్గో పెట్టెలో పంపే ఇస్త్రీ పెట్టెలు, ఎక్స్‌టెన్షన్ బోర్డులూ అంతే. ఇక్కడి చదరపు పిన్నుల ప్లగ్గు మన సాకెట్లో దూరదు. దూరదని ప్లగ్గు కోసి రెండు పిన్నులది బిగిస్తారు. ఎర్తు పోయింది, ప్లగ్గులో ఉండే ఫ్యూజూ పోయింది.

తర్వాత మనిషిని వెతకడం. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాణ్ణి చూసుకోండి. మన దగ్గర కూలి పాయింటు లెక్కన మాట్లాడతారు. పాయింటు లెక్కలో లైటు ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, సాకెట్టు ఉంటుంది. ఎర్తు లాగినందుకు ఎవరూ విడిగా డబ్బివ్వరు, అందుకే ఎవరూ లాగరు. మేము ముందే మాట్లాడుకున్నాం: ఎర్తుకు ఇంత, టెస్టింగుకు ఇంత అని వేరుగా. మేము అతని బాగు కోసమే అడుగుతున్నామని అర్థమయ్యాక ఆ ఎలక్ట్రీషియన్ కూడా బాగా చేశాడు. మీటరు వరకు వచ్చే సర్వీసు వైరు డిపార్టుమెంటుది. దాని జోలికి మనం పోకూడదు, లైన్‌మన్‌తోనే ఆపించాలి. లోడు పెరిగింది కాబట్టి అదనపు లోడుకు దరఖాస్తు కూడా అప్పుడే పెట్టాం.

పాత పైపుల్లోంచి పాత వైరుకు కొత్త వైరు కట్టి లాగితే సగం చోట్ల వచ్చింది. మిగతా చోట్ల పైపు నలిగిపోయి, సిమెంటు దిగి, కదల్లేదు. అక్కడ బలవంతంగా లాగితే కొత్త వైరు తొడుగే చీరుకుపోతుంది. పాత వైరును రెండు వైపులా కత్తిరించి, కొసలు మూసేసి, వదిలేశాం. గోడ మీద ప్లాస్టిక్ కేసింగు పట్టీ వేసి అందులోంచి తీసుకెళ్ళాం. అమ్మకు ఆ పట్టీలు నచ్చలేదు. "మంచి రంగేసిన గోడకు బద్దలు కొట్టిన్రు" అంటుంది ఇప్పటికీ. అననివ్వండి. తర్వాత ఏదైనా చెడితే పట్టీ మూత తీసి చూడవచ్చు. హాల్లో మాత్రం గాడి కొట్టి, పైపు దాచి, లప్పం పెట్టించాం, ఆమె మనసు నొప్పించలేక.

ఎర్తు గుంట తీయించేటప్పుడు మావాడు వీడియో కాల్లో ఉన్నాడు. రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు నిలువుగా, చుట్టూ బొగ్గు, ఉప్పు. పైన నీళ్ళు పోయడానికి గరాటు, మూత. ఎండాకాలంలో వారానికి రెండు బిందెలు పోయాలి. ఎర్తు ఉందా లేదా అని మనవాళ్ళు ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూస్తారు, వెలిగితే సరే అంటారు. వంద వాట్ల బల్బు వెలగడానికి అర ఆంపియరు చాలు. లీకేజీ అయినప్పుడు ఫ్యూజును కొట్టేయడానికి అది ఎటూ చాలదు. అందుకే ఎర్త్ టెస్టర్ పెట్టి కొలిపించాం. టెస్టర్ మండల కేంద్రంలో అద్దెకు దొరికింది.

ఇంటి వైరింగుకు ఇద్దరు మనుషులకు వారం పట్టింది. ఆ వారమూ ప్రతి సాయంత్రం ఫోటోలు రావాలని మేము పట్టుబట్టాం. బోర్డు మూత వేయకముందు, గాడి పూడ్చకముందు, ప్రతి సాకెట్టు వెనక మూడు వైర్లూ కనిపించేలా. ఆఖరి రోజు మెగ్గరు పెట్టి వైర్ల తొడుగు పరీక్ష చేయించాం. ఒక మెగోమ్‌కు తక్కువ వస్తే ఎక్కడో లోపం ఉన్నట్టు. వంటగది లైను తక్కువ చూపింది. వెతికితే కిటికీ పక్కన పాత వైరు ముక్క ఒకటి మిగిలిపోయి ఉంది, కొత్త వైరుకు కలిపేశారు. అలసటలో ఎవరైనా చేస్తారు. మెగ్గరు లేకుంటే అది గోడలోనే ఉండిపోయేది.

మొత్తం ఒకేసారి చేయించే డబ్బు అందరి దగ్గరా ఉండదని మాకు తెలుసు. అప్పుల మీద వచ్చిన తమ్ముళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. అలాంటప్పుడు గేటు, ఫాల్ సీలింగు ఆగనివ్వండి. ముందు ఎర్తు గుంట, నీళ్ళతో పని ఉండే చోట్లకు ఎర్తుతో కొత్త లైను: కూలరు, గీజరు, వాషింగ్ మెషీను, మోటారు. ఆ లైన్లకే విడిగా ఒక ఆర్.సి.సి.బి. కొత్త వైరు మీద పెట్టింది కాబట్టి అది ఊరికే పడదు, ఎవరూ తప్పించరు. పడకగది లైట్లు, ఫ్యాన్లు తర్వాతి చుట్టీకి ఉండొచ్చు, ఫ్యూజుల్లో సరైన తీగ కట్టించి. అప్పటిదాకా ఏసీ మాత్రం పాత వైరు మీద వేయకండి. అమ్మానాన్నలకు ఎండ కొడుతుందని మీరు ఏసీ కొని పంపుతారు, అది మంచిదే. దానికి 4 వైరుతో సొంత లైను లేకపోతే కొన్నాళ్ళు పెట్టెలోనే ఉండనివ్వండి.

మేము ఇక్కడ రూముల గురించి చెప్పలేదు. ఒక్క సాకెట్టుకు ఆరు చార్జర్లు, రైస్ కుక్కరు, దాని మీద ఇస్త్రీ పెట్టె. మీకే తెలుసు, వేళ్ళు చూపించం.

సభ అయ్యాక వెనక టేబుల్ దగ్గర ఉంటాం. ఒక పాత పింగాణీ ఫ్యూజు, కాలిన అల్యూమినియం జాయింటు, ఒక ఆర్.సి.సి.బి., ఒక ఐసోలేటరు తెచ్చాం. చేతిలో పట్టుకుని తేడా చూడండి. ఇంటి బోర్డు ఫోటో ఉన్నవాళ్ళు చూపించండి, చూసి చెబుతాం. లేనివాళ్ళు ఫోన్ చేసి తెప్పించండి. ఇక్కడ ఇప్పుడు ఆరయింది, అక్కడ ఏడున్నర. లైట్లు వేసే ఉంటారు.